వృత్తమూ త్రిభుజమూ కలిసిన ఆకారాల వైశాల్యాలు: కొల్లేటి సీమ నుంచి కొన్ని లెక్కలు

వృత్తం, త్రిభుజం కలిసి ఏర్పడే సమతల ఆకారాల వైశాల్యం కనుక్కోవడం క్షేత్రగణితంలో చాలా పాత శాఖ. జ్యాతో కోసిన వృత్తఖండం, ఒకదాన్నొకటి తాకే మూడు వృత్తాల నడిమి ఖాళీ, త్రిభుజంలో ఇమిడిన వృత్తం, త్రిభుజ భుజాల మీద లేచిన నెలవంకలు, రెండు గట్లు కలిసే చోట గుండ్రంగా తిప్పిన మూల, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. పదో తరగతి పరీక్షలో ‘షేడ్ చేసిన భాగం వైశాల్యం కనుక్కోండి’ అన్న ప్రశ్నగా ఇవి చాలామందికి గుర్తుంటాయి. పరీక్షల కంటే ఎంతో ముందే ఈ లెక్కలు పొలంగట్ల మీదా కట్టడాల దగ్గరా అవసరపడ్డాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల నడుమ కాలువ మలుపులున్నాయి, చేపల చెరువుల మూలలున్నాయి, గుంటుపల్లిలో కొండను తొలిచిన గుండ్రటి గుహ ఉంది. అందుకే ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా ఆ నేల నుంచే తీసుకున్నాం.

రెండు ముక్కలు చాలు

సరళరేఖలూ వృత్త చాపాలూ కలిసి ఎంత చిక్కు ఆకారం చుట్టినా దాన్ని రెండే రకాల ముక్కలుగా విడదీయవచ్చు: ఒకటి త్రిభుజం, రెండోది త్రిజ్యాంతరం, అంటే సెక్టరు. చాపం ఏ వృత్తానిదో ఆ వృత్త కేంద్రాన్ని గుర్తించి, చాపం రెండు కొసల్నీ కేంద్రానికి కలిపితే త్రిజ్యాంతరం బయటపడుతుంది. మిగిలిందంతా సరళరేఖల ఆకారం, దాన్ని త్రిభుజాలుగా కోసుకోవచ్చు. ఆ తర్వాత చేయాల్సింది కూడికలూ తీసివేతలే.

త్రిభుజ వైశాల్యం భూమి, ఎత్తుల లబ్ధంలో సగం. త్రిజ్యాంతరం వైశాల్యం చాపం పొడవు, వ్యాసార్థాల లబ్ధంలో సగం. రెండు సూత్రాల రూపం ఒక్కటే కావడం యాదృచ్ఛికం కాదు. చాపాన్ని చాలా చిన్న చిన్న భాగాలుగా చేస్తే త్రిజ్యాంతరం సన్నని త్రిభుజాల వరుస అవుతుంది. ఆ త్రిభుజాలన్నిటి ఎత్తూ వ్యాసార్థమే, భూములన్నీ కలిస్తే చాపమే. వృత్తం మొత్తానికీ ఇదే మాట వర్తిస్తుంది. వ్యాసార్థం ఒక భుజంగా, పరిధి ఇంకో భుజంగా ఉన్న లంబకోణ త్రిభుజంతో వృత్త వైశాల్యం సమానమని క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడీస్ నిరూపించాడు. పరిధిలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణిస్తే వృత్తఫలం వస్తుందని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు చెప్పాడు. ఇద్దరూ చెప్పిన విషయం ఒకటే.

తరగతి గదిలో ఈ లెక్కలు తప్పిపోవడానికి ప్రధాన కారణం కేంద్రాన్ని గుర్తించకపోవడం. పటంలో చాపం ఉంటుంది, దాని కేంద్రం ఉండదు. సూత్రాల జోలికి పోకముందే పెన్సిలుతో కేంద్రం పెట్టి, చాపం కొసలకు గీతలు గీసిన పిల్లవాడు సగం లెక్క చేసేసినట్టే.

వేంగి గడ్డ మీద క్షేత్రగణితం

ఏలూరుకు దగ్గరలోని పెదవేగి ఒకనాటి వేంగి. శాలంకాయనులు, తర్వాత తూర్పు చాళుక్యులు అక్కడి నుంచి ఏలారు. ఆ తూర్పు చాళుక్య వంశంలో రాజమహేంద్రవరం నుంచి పాలించిన రాజరాజనరేంద్రుడి పేరుతోనే తెలుగులో తొలి గణిత గ్రంథం ముడిపడి ఉంది. పావులూరి మల్లన రాసిన సారసంగ్రహ గణితం అది. దానికి పావులూరి గణితమన్న పేరూ ఉంది. పిఠాపురం దగ్గరి నవఖండవాడను రాజరాజనరేంద్రుడు మల్లనకు అగ్రహారంగా ఇచ్చాడని ఆ గ్రంథం ద్వారా తెలుస్తోంది. ఆ మల్లన గ్రంథకర్తేనా, గ్రంథకర్తకు తాతగారైన మరో మల్లనా అన్నదాని మీద పండితుల్లో వాదం నడిచింది. ఎలా చూసినా, నన్నయ భారతం మొదలైన కాలానికి అటూ ఇటూగా తెలుగు పద్యం లెక్కలు చెప్పడం కూడా నేర్చిందన్నమాట. కావ్యాల చరిత్ర చెప్పుకున్నంత గట్టిగా మనం ఈ సంగతి చెప్పుకోవడం లేదు. అది లోటే.

మల్లన మూలం మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, 9వ శతాబ్దంలో, ఆ జైన గణితజ్ఞుడు సంస్కృతంలో దాన్ని రచించాడు. మల్లన దాన్ని మక్కికి మక్కీ దించలేదు. జైన సంప్రదాయపు ఉదాహరణల స్థానంలో శైవ సంప్రదాయానివి పెట్టాడు, సొంత లెక్కలు చేర్చాడు. సంస్కృత మూలాన్ని మద్రాసులో ఎం. రంగాచార్య పరిష్కరించి, ఇంగ్లిషు అనువాదంతో 1912లో ప్రచురించాడు. ప్రపంచానికి మహావీరుడు సరిగ్గా పరిచయమైంది అప్పుడే.

వృత్తమూ త్రిభుజమూ కలిసిన ఆకారాల విషయంలో గణితసారసంగ్రహం ఏడో అధ్యాయం ఒక గని. వైశాల్యాలను మహావీరుడు రెండు తీరుల్లో చెబుతాడు. రోజువారీ పనికి సరిపోయేది వ్యావహారిక ఫలం, నిక్కచ్చిగా కావాలంటే సూక్ష్మ ఫలం. మొదటిదానిలో పరిధి వ్యాసానికి మూడు రెట్లు. రెండోదానిలో 10 వర్గమూలం రెట్లు, అంటే సుమారు 3.162. ఈ రెండో విలువ కంటే ఆర్యభటుడు అంతకు మూడున్నర శతాబ్దాల ముందే ఇచ్చిన 3.1416 ఎంతో మెరుగు. అయినా జైన గణిత సంప్రదాయం √10ని వదల్లేదు. ఆకారాల ఎంపికలో మాత్రం మహావీరుడికి సాటి తక్కువ. ధనుస్సు, యవగింజ, మద్దెల, శంఖం, చక్రపు కమ్మి, ఏనుగు దంతం లాంటి ఆకారాలకు లెక్క చెప్పాడు. తాకుతున్న మూడు వృత్తాల మధ్య, నాలుగు వృత్తాల మధ్య మిగిలే ఖాళీలకూ సూత్రాలిచ్చాడు. చివర్లో మరీ కష్టమైన లెక్కల భాగానికి ‘పైశాచిక’ అని పేరు పెట్టాడు.

మూడు వృత్తాల లెక్క చూడండి. ఒకే కొలత ఉన్న మూడు వృత్తాలు ఒకదాన్నొకటి తాకుతుంటే వాటి కేంద్రాలను కలిపినప్పుడు వ్యాసమంత భుజమున్న సమబాహు త్రిభుజం వస్తుంది. ఆ త్రిభుజంలోకి ఒక్కో వృత్తం నుంచి 60 డిగ్రీల త్రిజ్యాంతరం చొచ్చుకొస్తుంది. మూడు అరవైలు నూటఎనభై, అంటే అర్ధవృత్తం. కనుక ఖాళీ కావాలంటే సమబాహు త్రిభుజం నుంచి అర్ధవృత్తం తీసేయాలి. వ్యాసం 14 సెంటీమీటర్లైతే త్రిభుజం 84.87, అర్ధవృత్తం 76.97, ఖాళీ 7.90 చదరపు సెంటీమీటర్లు. √10 వాడితే ఖాళీ 7.39 వస్తుంది. పెద్ద సంఖ్య నుంచి దాదాపు అంతే పెద్ద సంఖ్యను తీసేసినప్పుడు ‘పై’ విలువలోని చిన్న తేడా జవాబులో ఎంత పెద్దదవుతుందో ఇక్కడ తెలుస్తుంది. నాలుగు వృత్తాలను చతురస్రంగా పేర్చితే ఖాళీ వ్యాసం వర్గం నుంచి ఒక వృత్తాన్ని తీసినంత, అదే కొలతకు 42.06. డ్రమ్ములు గానీ పైపులు గానీ గోడౌనులో పేర్చేవాళ్లు ఒక వరుస సందుల్లో రెండో వరుసను దించడానికి కారణం ఇదే. అలా పేర్చితే నేలలో 90.7 శాతం నిండుతుంది, చతురస్రంగా పేర్చితే 78.5 శాతమే.

కాలువ మలుపు: ధనుస్సు లెక్క

ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీరు పశ్చిమ డెల్టాలోకి కాలువలై పారింది. వాటిలో ఏలూరు కాలువ ఏలూరు దాకా వచ్చి, అక్కడ కృష్ణ వైపు నుంచి వచ్చే కాలువతో కలుస్తుంది. పెద్ద కాలువైనా పిల్ల కాలువైనా నేల వాలును బట్టి తిరగాల్సిందే. అది తిరిగిన ప్రతిచోటా పక్కనున్న చేనుకు మూడు వైపులు తిన్నటి గట్లు, నాలుగో వైపు వంపు. ఆ వంపుకూ దాని కొసలను కలిపే సరళరేఖకూ మధ్య నేలే వృత్తఖండం. ప్రాచీనులు ధనుస్సన్నది దీన్నే. వంపు చాపం, కొసలను కలిపేది జ్యా, జ్యా మధ్య నుంచి చాపం దాకా ఉన్న ఎత్తు శరం.

ఒక మలుపులో జ్యా 60 మీటర్లు, శరం 10 మీటర్లు అనుకుందాం. కేంద్రం ఎక్కడో అవతలి ఒడ్డున ఎవరి చేలోనో ఉంటుంది, అక్కడికి వెళ్లి కొలవక్కర్లేదు. సగం జ్యా వర్గానికి శరం వర్గం కలిపి, రెండు శరాలతో భాగిస్తే వ్యాసార్థం వస్తుంది: 900కు 100 కలిపితే 1000, దాన్ని 20తో భాగిస్తే 50 మీటర్లు. కేంద్రం నుంచి జ్యాకు దూరం 40. ముప్పై, నలభై, యాభై, తెలిసిన లంబకోణ త్రిభుజమే. కేంద్రం దగ్గరి కోణంలో సగానికి సైను విలువ 0.6, కనుక పూర్తి కోణం 73.74 డిగ్రీలు. త్రిజ్యాంతరం 1608.75 చదరపు మీటర్లు. అందులోని త్రిభుజం 60, 40ల లబ్ధంలో సగం, 1200. తీసేస్తే వృత్తఖండం 408.75 చదరపు మీటర్లు. సెంటుకు 40.47 చదరపు మీటర్ల లెక్కన ఇది 10.1 సెంట్లు.

ఇప్పుడు పాత సూత్రాలను ఇదే చేను మీద పెట్టి చూద్దాం. జ్యాకు శరం కలిపి, శరంతో గుణించి, సగం చేయమన్నది మహావీరుడి వ్యావహారిక సూత్రం. 70ని 10తో గుణించి సగం చేస్తే 350 చదరపు మీటర్లు, అంటే 8.65 సెంట్లు. సరిగ్గా ఇదే సూత్రం హాన్ కాలపు చైనా గ్రంథం ‘తొమ్మిది అధ్యాయాల గణితం’లో విల్లు ఆకారపు పొలానికి ఉంది. క్రీ.శ. 263లో దానికి వ్యాఖ్య రాసిన ల్యూ హ్వే ఈ సూత్రంలో లోపం ఎక్కడుందో పట్టాడు. అర్ధవృత్తానికే ఇది పన్నెండు భుజాల బహుభుజిలో సగం ఇస్తుంది తప్ప వృత్తంలో సగం ఇవ్వదు, వంపు తక్కువయ్యే కొద్దీ తేడా ఇంకా పెరుగుతుంది అని అతని వాదన. అలెగ్జాండ్రియాలో హెరాన్ కూడా పూర్వీకుల సూత్రమంటూ దీన్నే చెప్పి, సగం జ్యా వర్గంలో పద్నాలుగో వంతు కలిపి సరిదిద్దాడు. జ్యా శరానికి మూడు రెట్లు మించితే అదీ వద్దు, త్రిభుజానికి మూడింట నాలుగు వంతులు తీసుకోండి అన్నాడు. మన చేనుకు అలా 400 చదరపు మీటర్లు వస్తుంది, నిజానికి చాలా దగ్గర. మూడు నాగరికతలు ఒకే సూత్రాన్ని వాడాయంటే అది ఎక్కడి నుంచి ఎక్కడికి పాకిందన్న ప్రశ్న సహజమే. నా మటుకు నాకు ఆ ప్రశ్న కంటే మూడు చోట్లా వంకర పొలమే ఈ లెక్కను అడిగిందన్న సంగతి ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

మహావీరుడి సూక్ష్మ సూత్రం జ్యా, శరం, √10 మూడింటినీ గుణించి నాలుగో వంతు తీసుకోమంటుంది. మన చేనుకు అది 474.3 చదరపు మీటర్లు, 11.72 సెంట్లు. అర్ధవృత్తానికి ఈ సూత్రం √10 మేరకు కచ్చితమే. కాలువ మలుపు లాంటి తక్కువ వంపుకు మాత్రం ఎక్కువ చూపిస్తుంది. పేరు సూక్ష్మమైనా ఇక్కడ దాన్ని నమ్మకూడదు. వ్యావహారికం అమ్మేవాడికి నష్టం, సూక్ష్మం కొనేవాడికి నష్టం. రెండింటి మధ్య తేడా మూడు సెంట్లు.

సైను పట్టిక చేతిలో లేనివారికి మంచి సూత్రం ఒకటుంది. జ్యా, శరాల లబ్ధంలో మూడింట రెండు వంతులు తీసుకోండి. దానికి శరం ఘనాన్ని రెండు జ్యాలతో భాగించగా వచ్చింది కలపండి. మన చేనుకు 400కు 8.33 కలిపితే 408.33. అసలు జవాబుతో తేడా అర చదరపు మీటరు కూడా లేదు. అర్ధవృత్తానికి వాడినా తప్పు నూటికి ఒకటి దాటదు.

గుంటుపల్లి గుహలో ఒక్క టేపు కొలత

ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం పక్కన గుంటుపల్లి బౌద్ధ క్షేత్రం ఉంది. అక్కడి గుండ్రటి చైత్యగృహం క్రీస్తు పూర్వపు కాలానిది. కొండను లోపలికి తొలిచి, కప్పుకు చెక్క వాసాల్లా రాతి పట్టీలు చెక్కి, నడుమ స్తూపం నిలిపారు. ముఖద్వారం పైన గుర్రపు లాడం ఆకారపు తోరణం ఉంది. ఆ స్తూపాన్ని చుట్టుపక్కల వాళ్లు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. అదే కొండ మీద గజపృష్ఠాకారంలో, అంటే దీర్ఘచతురస్రానికి ఒక కొసన అర్ధవృత్తం అతికిన నమూనాలో, ఇటుకల చైత్యం శిథిలాలున్నాయి.

గుండ్రటి గుహలో స్తూపానికీ గోడకూ మధ్య ప్రదక్షిణ దారి గణితంలో కంకణాకారం. దాని వైశాల్యం పెద్ద వృత్తం నుంచి చిన్న వృత్తాన్ని తీసినంత. కానీ కేంద్రం స్తూపం లోపల ఉంది. రెండు వ్యాసార్థాల్లో ఏదీ నేరుగా కొలవలేం. ఇక్కడ త్రిభుజం ఆదుకుంటుంది. గోడ నుంచి గోడకు టేపు బిగించి లాగండి, అది దారిలో స్తూపం అడుగును తాకీ తాకనట్టు ఒక్క బిందువు దగ్గర ఆనుకోవాలి. ఆ బిందువు దగ్గర చిన్న వ్యాసార్థం టేపుకు లంబంగా ఉంటుంది. చిన్న వ్యాసార్థం, సగం టేపు, పెద్ద వ్యాసార్థం కలిసి లంబకోణ త్రిభుజం. పెద్ద వ్యాసార్థ వర్గం నుంచి చిన్నదాని వర్గం తీస్తే మిగిలేది సగం టేపు వర్గమే. కనుక దారి వైశాల్యం సగం టేపు వర్గానికి ‘పై’ రెట్లు. టేపు 4 మీటర్లు చూపితే దారి 12.57 చదరపు మీటర్లు. స్తూపం ఎంత లావో, గుహ ఎంత వెడల్పో తెలియనక్కర్లేదు. చుట్టూ గోడ నిజమైన వృత్తమై, స్తూపం సరిగ్గా నడిమిన ఉంటే చాలు. ఈ శాఖ మొత్తంలో ఇంత అందమైన ఫలితం ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

చెరువు మూలలు

కైకలూరు, మండవల్లి వైపు ఆకాశం నుంచి చూస్తే చేపల చెరువులు గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. పొక్లెయిన్‌తో తవ్విన చెరువుకు మూలలు వాడిగా ఉండవు, గుండ్రంగా తిరుగుతాయి. సున్నం ఎంత చల్లాలి, చేపపిల్ల ఎంత వదలాలి అన్నది నీటి విస్తీర్ణాన్ని బట్టి లెక్కగడతారు కనుక మూలల్లో పోయే నేల తెలియాలి. మూలను రెండు సరళరేఖలనూ స్పర్శించే వృత్త చాపం అనుకుంటే, కేంద్రం నుంచి స్పర్శ బిందువులకూ మూలకూ గీతలు గీసినప్పుడు రెండు సమాన లంబకోణ త్రిభుజాలు వస్తాయి. వాటి మొత్తం నుంచి త్రిజ్యాంతరం తీసేస్తే పోయిన నేల.

తిప్పిన వ్యాసార్థం 10 మీటర్లైతే లంబకోణపు మూలలో 21.5 చదరపు మీటర్లు పోతుంది. నాలుగు మూలలకూ కలిపి 86, అంటే రెండు సెంట్ల పైచిలుకు. మహావీరుడు చెప్పిన నాలుగు వృత్తాల నడిమి ఖాళీ ఇదే, నాలుగు ముక్కలై నాలుగు మూలలకు పోయింది. మూల 60 డిగ్రీల వాడి కోణమైతే అదే వ్యాసార్థానికి 68.5 చదరపు మీటర్లు పోతుంది. 120 డిగ్రీల విశాలమైన మూలలో 5.4 మాత్రమే. ఊళ్లో రోడ్డు మలుపు కోసం మూల స్థలం కత్తిరించినప్పుడూ ఇదే లెక్క. వాడి మూల ఉన్న స్థలం కొనేవాళ్లు ఈ మూడు అంకెల్ని గుర్తుంచుకోవడం మంచిది.

త్రిభుజపు పొలంలో గుండ్రటి చెరువు తవ్వితే ఎంత మిగులుతుంది? 130, 140, 150 మీటర్ల భుజాలున్న పొలం తీసుకుందాం. 13, 14, 15 భుజాల త్రిభుజం గణిత చరిత్రలో చాలా పేరున్నది, హెరాన్ గ్రంథంలోనూ భాస్కరుడి లీలావతిలోనూ ఉంది. భుజాల మొత్తంలో సగం 210. హెరాన్ సూత్రం ప్రకారం వైశాల్యం 8400 చదరపు మీటర్లు, రెండెకరాల ఏడున్నర సెంట్లు. వైశాల్యాన్ని చుట్టుకొలతలో సగంతో భాగిస్తే అంతర్వృత్త వ్యాసార్థం: 40 మీటర్లు. ఆ వృత్తం 5026.5 చదరపు మీటర్లు, ఎకరం ఇరవైనాలుగు సెంట్లు. పొలంలో నూటికి అరవై వంతులు కూడా చెరువు కాదు. సమబాహు త్రిభుజంలోనూ 60.5 శాతానికి మించదు. ఏ త్రిభుజానికైనా అదే పైహద్దు.

నెలవంకలు

సరళరేఖలతో చుట్టిన ఆకారానికి సమానమైన వంపు ఆకారం ఉంటుందా అన్న ప్రశ్నకు క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో కియాస్ ద్వీపవాసి హిపోక్రటీస్ జవాబు చెప్పాడు. ఈయన వైద్యుడు హిపోక్రటీస్ కాదు. లంబకోణ సమద్విబాహు త్రిభుజంతో ఆయన మొదలుపెట్టిన దాన్ని మన రాజరాజనరేంద్రుడికి ఒక తరం ముందువాడైన ఇబ్న్ అల్ హైతమ్ అన్ని లంబకోణ త్రిభుజాలకూ విస్తరించాడు. 6, 8, 10 భుజాల త్రిభుజం గీసి, కర్ణం మీద అర్ధవృత్తాన్ని త్రిభుజం ఉన్న వైపుకే, మిగతా రెండు భుజాల మీద అర్ధవృత్తాలను బయటికి గీయండి. చిన్న అర్ధవృత్తాలు రెండూ కలిసి పెద్దదానితో సమానం, పైథాగరస్ సిద్ధాంతమే ఆ పని చేస్తుంది. ఉమ్మడి భాగాలు పోగా మిగిలే రెండు నెలవంకల మొత్తం వైశాల్యం సరిగ్గా త్రిభుజమంతే: 24. జవాబులో ‘పై’ లేదు.

దీన్ని చూసి వృత్తాన్ని కూడా చతురస్రంగా మార్చవచ్చని రెండు వేల ఏళ్లకు పైగా ఎందరో ప్రయత్నించారు. 1882లో లిండెమన్ ‘పై’ ఏ బీజీయ సమీకరణానికీ మూలం కాదని నిరూపించడంతో స్కేలు, కంపాస్‌లతో అది అసాధ్యమని తేలిపోయింది.

గొలుసు నుంచి ఉపగ్రహం దాకా

మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు సర్వేలో పొలాన్ని కొలిచింది గంటర్ గొలుసుతో. 66 అడుగుల గొలుసు, అందులో నూరు లింకులు. లక్ష చదరపు లింకులు ఎకరం, వెయ్యి చదరపు లింకులు సెంటు. గట్టు పొడుగునా ఒక సరళరేఖ వేసి, దాని నుంచి వంపులకు లంబాలు కొలిచి, పొలాన్ని త్రిభుజాలూ సమలంబ చతుర్భుజాలుగా విడదీసేవారు. ఆ కొలతలే ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) పటాల్లో ఉన్నాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాకా ఆ పటాలే ఆధారం. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు వచ్చాయి. అయినా లోపలి లెక్క మారలేదు. గట్టు మీద గుర్తించిన బిందువుల్ని సరళరేఖలతో కలిపి, వచ్చిన బహుభుజిని త్రిభుజాల మొత్తంగా లెక్కగడతారు. వంపు మీద ఎన్ని బిందువులు తీసుకున్నారన్న దాని మీద జవాబు ఆధారపడుతుంది.

మన 408.75 చదరపు మీటర్ల మలుపుకే మళ్లీ వద్దాం. వంపు నడుమ ఒకే బిందువు తీసుకుంటే వచ్చేది 300 చదరపు మీటర్ల త్రిభుజం, 108.75 లెక్కలోకి రాకుండా పోతుంది. అది రెండున్నర సెంట్లు దాటింది. మూడు బిందువులు తీసుకుంటే 27.6 పోతుంది, ఏడు తీసుకుంటే దాదాపు 7. బిందువుల మధ్య ఎడం సగమైన ప్రతిసారీ తప్పు సుమారు నాలుగో వంతుకు పడుతుంది. కనుక రోవరు ఎంత ఖరీదైనదైనా, మలుపు దగ్గర సర్వేయరు ఎన్నిచోట్ల ఆగాడన్నదే రైతు అడగాల్సిన ప్రశ్న.

కొల్లేరు అంచు మలుపులకు లెక్క లేదు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులు నీళ్లు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది, నీటిమట్టాన్ని బట్టి విస్తీర్ణం మారుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన, +5 అడుగుల కాంటూరు (సమాన ఎత్తు గీత) లోపలి ప్రాంతం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు, ఇది +10 కాంటూరు దాకా. ఈ రెండు వైశాల్యాలనూ వృత్తాలుగా ఊహిస్తే వ్యాసార్థాలు 9.9, 16.9 కిలోమీటర్లు. నీరు ఐదడుగులు ఎక్కితే అంచు ఏడు కిలోమీటర్లు వెనక్కి జరుగుతుందన్నమాట. కొల్లేటి హద్దు ఏ కాంటూరు దగ్గర ఉండాలన్న వివాదాల్లో ఒక్క అడుగు కోసం ఎందుకంత పట్టుదలో ఈ లెక్క చెబుతుంది.

బడిలో

ఆంధ్రప్రదేశ్‌లో 2024–25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ గణిత పుస్తకం వచ్చింది. అందులో త్రిజ్యాంతరం, వృత్తఖండం వైశాల్యాలు ఉన్నాయి. పలు ఆకారాలు కలిసిన పటాల వైశాల్యాల భాగాన్ని మాత్రం 2022లో పాఠ్యభారం తగ్గించినప్పుడు ఆ సంస్థ తీసేసింది. అది తీసేయాల్సిన భాగం కాదు. విడి సూత్రాలు కంఠస్థం చేయవచ్చు, వాటిని కూడి తీసివేసి ఒక కొత్త పటాన్ని విప్పడం మాత్రం అభ్యాసంతోనే వస్తుంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక సంస్థ నడుస్తోంది. అక్కడ సివిల్ ఇంజినీరింగ్‌లో చేరే విద్యార్థికి సర్వే పాఠంలో ఈ నైపుణ్యం అవసరపడుతుంది.

గణితం చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. పుస్తకంలో లేకపోయినా ఈ లెక్కలకు రెండు పీరియడ్లు కేటాయించండి. బడికి దగ్గరలో ఉన్న కాలువ మలుపుకు ముప్పై మీటర్ల టేపుతో పిల్లల్ని తీసుకెళ్లి, గట్టు మీదే నిలబడి జ్యా, శరం కొలిపించండి. వచ్చిన వైశాల్యాన్ని సెంట్లలోకి మార్పించి, ఆ చేను రైతు పాసుపుస్తకంలోని అంకె పక్కన పెట్టి చూపించండి.